చాందాకోట ఫిరంగులు: ఒక ఇత్తడి బిళ్ళ వంశావళి

చంద్రపురమున లాల్‌పేట ప్రాంతమున నివసించు మన తెలుగు కుటుంబములలో ఒకదానియందు చాలకాలముగా భద్రపరుపబడుచున్న యొక ఇత్తడి బిళ్ళ గలదు. అరచేతిలో ఇమిడిపోవునంతటి చిన్న వస్తువు. దానిపై చక్రముతోగూడిన ఫిరంగి బొమ్మ యొకటి, దానికిపైన నక్షత్రమువంటి గుర్తొకటి కనబడును. ఏటేట దసరాకు ఆ యింటివారు దానిని చింతపండుతో తోమి, కుంకుమబొట్టు పెట్టి, దేవుని పీటపై నుంచెదరు. తమ పూర్వులలో ఒకరు మద్రాసు సైన్యమున గోలందాజుగానుండి, ఆంగ్లేయులు చాందాకోటను పట్టుకొన్న యుద్ధమున ఫిరంగి కాల్చెననియు, ఆ బిళ్ళ ఆయనదేయనియు వారి యింటి మాట. ఈ సంచికకై ఆ విషయము వ్రాయవలసినదని ఆ యింటి పెద్ద ముత్తైదువ, నేను పిన్నిగారని పిలుచుకొను ఎనుబది యేండ్ల వృద్ధురాలు, నన్ను కోరినది.

నేను చరిత్రకారుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, బొగ్గుగని కార్యాలయమున ముప్పదియారు సంవత్సరములు గుమాస్తాగిరి చేసి విరమించినవాడను. అయినను ఒక కాగితము చేతికి వచ్చినప్పుడు, అది ఏ తేదీది, ఎవరి ముద్ర, ఎవరి దస్కతు అని చూడక ముందుకు పంపని అలవాటు నాకు వృత్తివలన అబ్బినది. ఆ అలవాటుతోనే ఈ బిళ్ళనుకూడ చూచితిని. చూచినది చూచినట్లు వ్రాయుచున్నాను.

మొదట కోట సంగతి. చాందా గోండురాజుల రాజధాని. బల్లార్షానుండి ఖాండక్యా బల్లాళషా యను రాజు వేటకు వచ్చి, కుందేలొకటి వేటకుక్కను తరుముట చూచి, ఆశ్చర్యపడి, ఆ చోటనే నగరము కట్టించెనని మన పిల్లలుకూడ చెప్పగల కథ. జట్‌పురా, బిన్‌బా, పఠాన్‌పురా, అచలేశ్వర ద్వారములను నాలుగు పెద్ద వాకిళ్ళును, ఐదు ఖిడికీలును గలిగి, ఇరయి, ఝర్‌పట్ నదుల నడుమ నున్న యీ ప్రాకారము నేటికిని నిలిచియున్నది. ఈ ద్వారముల గుండా నిత్యము సైకిళ్ళపై, స్కూటర్లపై పోవుచున్న మనలో ఎందరు తలయెత్తి చూచిరో యెరుగను. వాకిళ్ళ ప్రక్కల రాతిలో ఒక సింహము ఏనుగును అణచివైచి నిలిచిన రూపము చెక్కబడియున్నది. అది గోండురాజుల లాంఛనము. దక్షిణదేశపు దేవాలయములలోని గజసింహమును చూచినవారికి ఇది క్రొత్తగా తోచదు. మన కాకతీయులకు వరాహము లాంఛనము. తరువాత విజయనగరమువారికి నదియే. వారి నాణెముపై నుండి ఆ పేరే నాణెమునకును వచ్చి, 'వరాహ' యను మాట మన లెక్కలలో నిలిచిపోయినది. ఒక రాజు పోయి మరియొకడు వచ్చినను రాతిలోని మృగము మాత్రము కదలదు. మరాఠాలు 1751లో చాందాను గైకొనిరి. సింహమును తొలగింపలేదు. ఆంగ్లేయులు వచ్చిరి. వారును తొలగింపలేదు.

లాల్‌పేటకు మరియొక ప్రసిద్ధియు గలదు. అచట ఆరుబయట పడియున్న బ్రహ్మాండమైన రాతి విగ్రహములను రాయప్ప యను కోమటి చెక్కించెననియు, వానికి తగిన దేవాలయమును కట్టింపబూని పూర్తిచేయకయే పోయెననియు జనులు చెప్పుదురు. కోమటి యన్న మాటవలన మనవారు ఆయనను మనవానినిగా భావించుట సహజము. ఇది ప్రస్తుతాంశము గాదు గాని, ఈ పట్టణమున తెలుగువారి జాడ ఎంత పాతదో సూచించుటకై చెప్పితిని.

1818 సంవత్సరమున పీష్వా రెండవ బాజీరావు ఆంగ్లేయులచే తరుమబడి చాందా దిక్కునకు రాజూచెను. నాగపూరు రాజగు అప్పాసాహెబు ఆయనతో రహస్యముగా కలిసెనని ఆంగ్లేయుల అభియోగము. కర్నల్ ఆడమ్స్ ఏప్రిలు మాసమున పీష్వా సైన్యమును చెదరగొట్టి, మే మాసమున చాందాకోటను ముట్టడించెను. వంగ సైన్యమునకును మద్రాసు సైన్యమునకును చెందిన దళములు రెండును ఆ ముట్టడిలో నుండెను. మే నెలలో చాందా యెండ యెట్టిదో ఈ సంచిక చదువువారికి నేను చెప్పనక్కరలేదు. ఆ యెండలో ఎడ్లచేత పెద్ద ఫిరంగులను లాగించి, మట్టిదిబ్బలు కట్టి, గోడకు గండిపడువరకు కాల్చి, పిమ్మట కోటను ఎక్కి పట్టుకొనిరి.

ఇందు మనవారి పాలు ఎంత? మద్రాసు ఫిరంగిదళము 1748లో ఏర్పడినది. దానియందు దొరలే గాక, ఫిరంగులను లాగి, కడిగి, మందు దట్టించి, గుండు నెత్తి యిచ్చు దేశీయులుకూడ వందలకొలది నుండిరి. వారిని లాస్కరులనిరి. స్వయముగా గురిచూచి కాల్చు దేశీయునికి గోలందాజని పేరు. గోలయనగా గుండు, అందాజు పారసీకమున విసరువాడు. మద్రాసు సైన్యమున తెలుగువారెంత విరివిగా నుండిరో తెలియుటకు ఒక్క మాట చాలును. ఉత్తరదేశమున కంపెనీ సిపాయి యెవడైనను, వాడు ఏ కులము, ఏ దేశము వాడైనను, జనులు 'తిలంగా' యని పిలిచిరి. క్లైవు కాలమున మద్రాసునుండి వంగదేశమునకు వెళ్ళిన సిపాయిల పేరు పిమ్మట సిపాయిలందరికిని నిలిచినది. మన జాతిపేరు వారికి ఉద్యోగపు పేరైనది. అట్టి సైన్యమునకు చెందిన దళము చాందా ముట్టడిలో నుండగా, అందు తెలుగు లాస్కరు లుండుట వింత గాదు. 1821లో నాగపూరునకు సమీపమున కామ్టీ దండు ఏర్పడినది. అచట చాలకాలము మద్రాసు దళములే కాపురముండెను. పిన్నిగారి కుటుంబమువారు కామ్టీనుండి చాందాకు, చాందానుండి బొగ్గుగనికి వచ్చిరన్న మాట ఈ చరిత్రకు చక్కగా అతుకుచున్నది. ముట్టడిని నడపిన దొరల పేర్లు ఆంగ్ల గ్రంథములలో నున్నవి. లాస్కరుల పేర్లు ఆ గ్రంథములకు ఎక్కలేదు. కావున పిన్నిగారి పూర్వుడు అందులో నుండెననుటను నేను త్రోసివేయజాలను.

కాని బిళ్ళ మాట వేరు.

ఆ బిళ్ళను నేను పగటి వెలుతురున, చత్వారపు కళ్ళజోడుతో, ఒక పూట చూచితిని. ఫిరంగికిపైన ఒక సన్నని పట్టీ, క్రింద ఒక పట్టీ. క్రిందిది పూర్తిగా అరిగిపోయినది. పైదానియందు నాగరలిపిలో మొదటి అక్షరము 'స', చివరి అక్షరము 'త్ర' మాత్రము మిగిలినవి. ఆ యింటి కుర్రవాడు దానిని 'శస్త్ర' యని చదివి, ఫిరంగి శస్త్రమే గదా యని సంతృప్తిపడియుండెను. నాకు మాత్రము అక్కడనే అనుమానము పుట్టినది. 1818లో కంపెనీ సైనికుని బిళ్ళపై నాగరలిపి యేల?

ఇచట ఫిరంగిదళముల లాంఛనముల సంగతి కొంచెము చెప్పవలసియున్నది. పదాతిదళములకు పతాకములు గలవు. ఆ పతాకములపై తాము గెలిచిన యుద్ధముల పేర్లు కుట్టుకొందురు. ఫిరంగిదళమునకు అట్టి పతాకము లేదు. దానికి ఫిరంగియే పతాకము. కవాతునందు పతాకమునకు చేయు గౌరవము ఫిరంగులకు చేయుదురు. యుద్ధమున ఫిరంగిని శత్రువుచేత పెట్టుట పతాకమును పోగొట్టుకొనుటతో సమానమైన అవమానముగా ఎంచుదురు. ఆంగ్లేయుల రాజ ఫిరంగిదళమునకు 1832లో నాలుగవ విలియం రాజు 'ఉబీక్వే' యను లాటిను మాటను బిరుదుగా నిచ్చెను. 'అంతటను' అని దాని యర్థము. ప్రతి యుద్ధమునందును ఈ దళమువారు పాల్గొనిరి గనుక విడివిడిగా యుద్ధముల పేర్లెందుకు, ఈ యొక్క మాటయే చాలునని తాత్పర్యము. దానికి తోడుగా 'న్యాయమును కీర్తియు నడుపు చోటికి' అను భావము గల మరియొక లాటిను వాక్యమును నిచ్చిరి. వారి బిళ్ళపై ఫిరంగి, దానిపైన కిరీటము, ఈ మాటలు నుండెను.

స్వాతంత్ర్యము వచ్చి, 1950లో దేశము గణతంత్రమైన పిమ్మట మన ఫిరంగిదళము ఆ ఫిరంగిని ఉంచుకొన్నది గాని కిరీటమును ఉంచుకొనలేదు. కిరీటమునకు మారుగా నక్షత్రము వచ్చినది. 'ఉబీక్వే' యనుదానికి బదులు 'సర్వత్ర' యనియు, క్రింద 'ఇజ్జత్ ఓ ఇక్బాల్' అనియు నాగరలిపిలో చెక్కిరి. సర్వత్ర గౌరవము, వైభవము అని భావము. ఒక సంస్కృతపు మాటను రెండు ఉర్దూమాటలతో ముడివేసిన ఈ పదబంధము వ్యాకరణవేత్తలకు రుచించునో లేదో గాని, తెలుగును మరాఠీని హిందీని ఒకే వాక్యమున కలిపి మాటలాడు చంద్రపురమువారమగు మనకు ఇందు ఎబ్బెట్టేమియు తోచదు.

కావున పిన్నిగారి బిళ్ళపై నున్నది 'శస్త్ర' కాదు, 'సర్వత్ర'. అది 1818 నాటిది గాదు. 1950కి పూర్వపుదియు గానేరదు.

ఈ నడుమ నూటముప్పది సంవత్సరములలో దేశీయ ఫిరంగిదళముల వంశము ఎట్లు తెగి, ఎట్లు అతికినదో చూచిన, ఆ యింటి పూర్వునికిని ఈ బిళ్ళకును మధ్యనున్న దూరము స్పష్టపడును. 1857 తిరుగుబాటు పిమ్మట ఫిరంగిని దేశీయుని చేతికిచ్చుటకు ఆంగ్లేయులు భయపడిరి. కొన్ని కొండ ఫిరంగిదళములును, హైదరాబాదు కాంటింజెంటువారి దళములును, మరి కొలదియు తప్ప దేశీయ గోలందాజు దళములను రద్దుచేసిరి. ఈ హైదరాబాదు దళములు మనకు చేరువవి. 1853లో నిజాముతో జరిగిన ఒడంబడికలో ఐదువేల పదాతులు, రెండువేల ఆశ్వికులు, నాలుగు మైదానపు ఫిరంగిదళములు ఉండవలెనని వ్రాసికొనిరి. వాని జీతములకుగాను వార్ధానదికి ఆవలి బేరారు దేశమును ఆంగ్లేయుల పాలనకు అప్పగించిరి. అనగా మన పొరుగు జిల్లాల భూమిశిస్తే ఆ ఫిరంగులకు తిండి పెట్టినది. ఆ దళములు 1858లో ఝాన్సీవైపు యుద్ధములలోను పాల్గొనెను. 1902లో బేరారును శాశ్వతపు కౌలుగా మార్చుకొన్న పిమ్మట, 1903లో కాంటింజెంటును ఎత్తివేసి, ఫిరంగిదళములను రద్దుచేసిరి. శిస్తు మాత్రము రద్దు కాలేదు.

తెగక నిలిచిన వంశమునకు ఉదాహరణము బొంబాయిది. 1827 సెప్టెంబరు 28వ తేదీన బొంబాయి గోలందాజు పటాలమున ఏర్పడిన యొక కంపెనీ, పేర్లు మారుచు, సంఖ్యలు మారుచు, ఐదవ బొంబాయి కొండ ఫిరంగిదళముగా నేటివరకు నిలిచినది. అందుచేతనే మన ఫిరంగిదళమువారు సెప్టెంబరు 28ని తమ పుట్టినరోజుగా జరుపుకొందురు. దళముల వంశావళి మనుష్యుల వంశావళివంటిది గాదు. కార్యాలయపు ఫైలువంటిది. సంఖ్య మారును, అట్ట మారును, అధికారి మారును. లోపలి మొదటి కాగితము మారనంతవరకు అది ఆ ఫైలే. ఆ మొదటి కాగితమును తీసివేసి చించినారో, ఎన్ని సంఖ్యలు వేసినను అది క్రొత్త ఫైలే యగును. మద్రాసు గోలందాజుల ఫైలు అట్లు చిరిగినది.

మైదానపు ఫిరంగులు తిరిగి దేశీయుల చేతికి వచ్చుట 1935లో. ఆ సంవత్సరము జనవరి 15వ తేదీన బెంగుళూరులో 'ఎ' ఫీల్డు బ్రిగేడు స్థాపింపబడినది. ఫిరంగులను గుఱ్ఱములు లాగెను. ఆ పిమ్మటి యుద్ధమున దళములు వేగముగా పెరిగెను. 1942లో ఆఫ్రికా యెడారిలోని బీర్ హాకీమువద్ద రెండవ ఫీల్డు రెజిమెంటులోని యొక దళమును నడపి పోరాడిన కుమారమంగళముగారు, 1966 నుండి 1969 వరకు మన సైన్యమునకు ప్రధానాధిపతియైరి. నేడు మన దళములకు యుద్ధభూముల పేర్లు గౌరవనామములుగా నిచ్చు ఆచారముకూడ నున్నది. 'సర్వత్ర' యన్న మాట యందరికిని చాలునని యనుకొన్నను, మనుష్యుడు తన యూరి పేరు చెప్పుకొనవలెననే కోరును గదా.

ఇక మిగిలినది ఒకటే ప్రశ్న. 1950 తరువాతి బిళ్ళ ఆ యింటికి ఎట్లు వచ్చినది? ఆ యింటివారిలో సైన్యమున పనిచేసినవారెవరును లేరని అందరును చెప్పిరి. ఈ సంగతి పిన్నిగారితో చెప్పుటకు నేను రెండు వారములు వెనుకాడితిని. రెండువందల యేండ్ల పూర్వుని చేతినుండి ఆ బిళ్ళను లాగికొనుచున్నట్లు నాకు అనిపించినది. చివరకు చెప్పితిని. ఆమె కోపపడలేదు. చాలసేపు ఊరకుండి, "మా మామగారు ఏటేటా కొన్నాళ్ళు ఎక్కడికో క్యాంపుకని వెళ్ళేవారు నాయనా. నేను కాపురానికి వచ్చిన కొత్తలో చూశాను. ఎక్కడికని మేమెవ్వరం అడగలేదు. ఆయన ఖాకీ చొక్కాతోనే కదా నేను చాన్నాళ్ళు లాంతరు చిమ్నీలు తుడిచింది" అన్నది.

అప్పుడు నాకు త్రోవ దొరకినది. 1948లో చట్టము చేయబడి, 1949 అక్టోబరు 9వ తేదీన రాజగోపాలాచారిగారిచే ప్రారంభింపబడిన ప్రాదేశిక సైన్యము గలదు. తమ తమ ఉద్యోగములు చేసికొనుచునే, సంవత్సరమున కొంతకాలము శిక్షణ పొంది, అవసరమైనప్పుడు పిలుపునకు హాజరగు పౌరుల సైన్యమది. మొదటి దినములలో అందు పదాతిదళములే గాక విమానవిధ్వంసక ఫిరంగులు, తీరరక్షణ ఫిరంగులు మున్నగు దళములుకూడ నుండెను. 1972 నాటికి పదాతులుగాని అట్టి దళములలో చాలభాగమును రద్దుచేసిరి, లేదా స్థిరసైన్యమున కలిపిరి. ఆ దళములవారు తిరిగి తమ గనులకు, మిల్లులకు, రైలు కార్యాలయములకు వెళ్ళిపోయిరి. వారి మెడలో హారములు పడలేదు.  పిన్నిగారి మామగారు గనిలో పంపు నడపువాడు. తక్కువగా మాటలాడువాడని ఆ వీధిలో పెద్దలింకను చెప్పుదురు. ఇంటిలోనివారు బిళ్ళను ముత్తాత ముత్తాతకు అంటగట్టుచుండగా, అది తనదని ఆయన ఒక్కమారైనను ఏల చెప్పలేదో! దసరాపీటపై దానిని చూచుచు ఆయనయు నమస్కరించెడివాడట.

మన జిల్లాకు ఫిరంగితో సంబంధము ఇప్పటికిని తెగలేదు. భద్రావతివద్ద నున్న ఆయుధకర్మాగారమున ఫిరంగిగుండ్లు తయారగుచున్నవి. 2021 అక్టోబరునుండి అది మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ అను ప్రభుత్వసంస్థలో భాగమైనది. అచట పనిచేయు తెలుగు కుటుంబములవారు ఈ సభకు ప్రతి సంవత్సరము వచ్చుచున్నవారే. వారి యిండ్లలోను పాత పెట్టెల అడుగున ఇట్టి బిళ్ళలు, బొత్తాములు, శిక్షణపు పత్రములు ఉండవచ్చును. చింతపండుతో తోముటకు ముందు ఒకమారు దానిపై అక్షరములను కాగితముపై దించుకొనవలసినదిగా ప్రార్థన. అరిగినది తిరిగి రాదు.

గత చైత్రమున మహాకాళీ యాత్రకు తెలంగాణనుండి వచ్చిన బంధువులతో పిన్నిగారి యిల్లు నిండియుండగా నేను బిళ్ళను తిరిగి యిచ్చివచ్చితిని. ఆమె దానిని కొంగుతో తుడిచి, పూర్వుని గూర్చి యేమియు అనక, గోడపైనున్న మామగారి పటమును దింపించి, దాని చట్రపు మూలలో ఆ బిళ్ళను గ్రుచ్చినది. పటము కొంచెము ప్రక్కకు ఒరిగినది. ఎవరో సరిచేయబోగా వద్దన్నది.